కర్రికి ఒక తలుపు

బొల్లారం,
9 జూన్ 1996

అన్నకు కౌసల్య దండాలు.

మేం బాగున్నామని రాయడం అలవాటు కాబట్టి చెయ్యి అటే పోతోంది. ఈసారి రాయను. బాగా లేము. నాకు ఒక తలుపు కావాలి, కుక్క కోసం. నవ్వకుండా చివరిదాకా చదువు.

మీ బావ మంచంలో పడి రెండేళ్లు కావస్తోంది. కంపెనీలో ప్రమాదం జరిగిన కొత్తలో కాళ్లే పోయాయనుకున్నాం. ఆ రోజు పీల్చిన ఆవిరి ఊపిరితిత్తులను కూడా తినేసిందని ఇప్పుడు తెలుస్తోంది. మధ్యాహ్నం పూట గాలి ఇటు తిరిగి, కంపెనీల నీళ్లు పారే కాల్వ నుంచి ఆ మందుల కంపు లేచిందా, దగ్గు మొదలవుతుంది. మామూలు దగ్గయితే సర్దుకుంటుంది. ఒక్కోసారి దగ్గు మారుతుంది. ఊపిరి లోపలికి పోదు, పెదవులు నీలం తిరుగుతాయి, చేతులు వంకర్లు పోతాయి. మూడుసార్లు అట్లా పోయి వచ్చాడు.

మూడుసార్లూ తెచ్చింది కర్రి. కంపెనీ క్యాంటీన్ కాడ మీ బావ వెంట పడి వచ్చిన ఆ నల్లకుక్కే. దగ్గు మారిందని దానికి ఎట్లా తెలుస్తుందో దేవుడికే తెలియాలి. లేచి సందు చివర ఆగమ్మ కొట్టుకు ఉరుకుతుంది, ఆమె చీర పట్టి గుంజుతుంది. ఆగమ్మ వచ్చి ఆయనను లేపి కూర్చోబెట్టి, డాక్టరిచ్చిన పంపు నోట్లో కొట్టి వీపు రుద్దుతుంది. నేను ఆ టైములో మాత్రల కంపెనీలో డబ్బాలకు మూతలు బిగిస్తూ ఉంటాను. సందులో అందరూ షిఫ్టులకు పోయేవాళ్లే. గంట కట్టి చేతికి తాడు ఇచ్చి చూశాను. దగ్గు మారినప్పుడు ఆ చేతికి తాడు దొరకదు.

కర్రి పోవాలంటే తలుపు ఓరగా తీసి ఉంచాలి. తీస్తే కంపు లోపలికి వస్తుంది, కంపు వస్తే దగ్గు వస్తుంది. పందులు కూడా వస్తున్నాయి. మూసి పోతే కంపు రాదు, కానీ దగ్గు మారితే కర్రికి బయటికి పోయే దారి ఉండదు. తీసినా చస్తాడు, మూసినా చస్తాడు. రోజూ పొద్దున తొమ్మిదింటికి కంపెనీ బస్సు హారన్ కొడుతుంటే నేను గొళ్లెం మీద చెయ్యి పెట్టి నిలబడుతున్నాను. నాకు మతి పోతోంది అన్నా.

నిరుడు నువ్వే రాశావు కదా, మీ మేనేజరు బంగళాలో కుక్క రాగానే తెరుచుకొని, పోగానే మూసుకునే ఫారిన్ తలుపు ఉందని. అప్పుడు నేనూ మీ బావా పడి పడి నవ్వాము. అది ఎక్కడ దొరుకుతుంది? ఎన్ని రకాలుంటాయి? మనకు ఏది సరిపోతుంది? పెద్ద పెద్ద మిషన్లు బాగు చేస్తావు, ఈ ఒక్కటీ చూడు. ఆగమ్మ నిన్న ఏమందో తెలుసా? "నీ మొగని పానం గా కుక్క నోట్లె వెట్టి పోతున్నవు, దానికన్న తొవ్వ ఇయ్యి బిడ్డా" అంది.

జల్దీ రాయి.

కౌసల్య


అంక్లేశ్వర్,
21 జూన్ 1996

చెల్లె కౌసల్యకు సంగయ్య రాసేది.

నవ్వలేదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకొనే ఆదివారం మేనేజరు బంగళాకు పోయాను. వంటాయన తెలిసినవాడు, దగ్గరుండి చూపించాడు. ఆ తలుపు వెంట వచ్చిన పుస్తకం కూడా చదివాను. మొత్తం మూడు రకాలు.

ఒకటి ఉత్త రబ్బరు పరదా. కుక్క తలతో తోసుకొని పోతుంది. చవక, పాడయ్యేదేమీ లేదు. కానీ గాలికి ఊగుతుంది, కంపు ఆగదు, పంది కూడా తోసుకొని వస్తుంది. అది వద్దు. రెండోది మేనేజరు ఇంట్లోది. పైన ఒక కన్ను ఉంటుంది, దాని ముందు ఏది కదిలినా మోటారు తలుపును పైకెత్తుతుంది. చూడటానికి భలే ఉంది. కానీ దానికి కుక్కా ఒకటే, పందీ ఒకటే. పైగా నేను అక్కడ నిలబడిన అరగంటలో రెండుసార్లు మొరాయించింది. మూడోది పుస్తకంలో బొమ్మ చూశాను. కుక్క మెడపట్టీకి చిన్న అయస్కాంతం కడతారు. అది దగ్గరికి వస్తేనే గడియ లేస్తుంది. పట్టీ లేని దేన్నీ రానివ్వదు. మనకు కావలసింది అదే.

కొనడం నా వల్ల కాదు, సముద్రం దాటి రావాలి. చేయగలను. ట్యాంకుల మట్టం చూసే మీటర్లలో అయస్కాంతంతో పనిచేసే స్విచ్చులుంటాయి. గడియ లాగడానికి కరెంటు తీగ చుట్టిన కాయిలు కావాలి. రెండూ మా స్క్రాపులో ఉన్నాయి, అడిగి తీసుకుంటాను.

కర్రి భుజం దాకా ఎంత ఎత్తుందో, ఛాతీ ఎంత వెడల్పుందో జానతో కాదు, టేపుతో కొలిచి రాయి. తలుపు చెక్క మందం కూడా. కోయడానికి ఇంటి ఓనరు ఒప్పుకుంటాడో లేదో ముందే అడుగు.

బావకు నా దండాలు చెప్పు. నా గురించి ఏమైనా అంటుంటాడా?

సంగయ్య


బొల్లారం,
8 జూలై 1996

అన్నా,

ఎత్తు ఇరవై అంగుళాలు, ఛాతీ ఎనిమిది. చెక్క అంగుళం పావు. టేపు చూసి కర్రి మంచం కింద దూరింది, బయటికి లాగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఓనరు మల్లన్న మొదట ఒప్పుకోలేదు. "కుక్క కోసం దర్వాజ కోస్తవా, రేపు కిరాయికి ఎవడొస్తడు" అన్నాడు. మంచం దగ్గరికి తీసుకుపోయి మీ బావను చూపించాను. సాయంత్రం తలుపు కోసే వడ్లాయనను తనే పంపాడు.

మొన్న నాలుగో తారీకున మళ్లీ దగ్గు మారింది. ఆ రోజు నేను గొళ్లెం సరిగా పెట్టడం మర్చిపోయాను. మర్చిపోవడం వల్లే బతికాడు. నేను జాగ్రత్తగా ఉంటే పోయేవాడు. ఇది తలచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. నీ చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టి ఇది చెయ్యి.

నువ్వే వచ్చి బిగిస్తే ఏం? రెండు రోజుల సెలవు. పోయి ఇరవై నెలలైంది, ఒక్కసారి మొహం చూపించలేదు. ప్రమాదం జరిగిన మూడో నెలలోనే పోయావు, ఎందుకు పోయావో ఇప్పటికీ సరిగా చెప్పలేదు. నీ గురించి ఏమంటాడని అడిగావు. ఏమంటాడు, మంచిగనే అంటాడు. నీ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు. విని, ఒక్కటే అడగమన్నాడు. ఆయన మాట ఆయన మాటగానే రాస్తున్నా: "కరెంటు పోతే గడియ ఎటుంటదో అడుగు వాణ్ని. పడి ఉంటదా, లేసి ఉంటదా?"

కౌసల్య


అంక్లేశ్వర్,
11 ఆగస్టు 1996

చెల్లె కౌసల్యకు,

తలుపు తయారైంది. మా ప్లాంటుకు ట్యాంకరు తెచ్చే సత్తయ్య మన రుద్రారం మనిషే. అతని చేత పంపుతున్నాను. ఆగమ్మ కొట్టు దగ్గర దింపిపోతాడు.

రేకు తలుపు పై కీలుకు వేలాడుతుంది. చుట్టూ రబ్బరు అంచు. గడియ పడితేనే రేకు రబ్బరుకు బిగుస్తుంది, అప్పుడు చీమ కూడా దూరదు. కర్రి దగ్గరికి రాగానే టక్కుమని గడియ లేస్తుంది. తలతో తోసుకొని పోతే మళ్లీ పడుతుంది.

ఇక బావ అడిగిన మాట. గడియకు ఒక స్ప్రింగు ఉంది. దాన్ని పైన తగిలించి రెండు తీగలు మార్చి కలిపితే, కరెంటు పోయినప్పుడు గడియ లేచి ఉంటుంది. కింద తగిలిస్తే పడి ఉంటుంది. నేను కింద తగిలించాను. కరెంటు పోతే మూసుకోవాలి కౌసల్యా. ఇందులో రెండో మాట లేదు. మా పనిలో మొదటి పాఠం ఇదే. దేనికైనా శక్తి పోయినప్పుడు అది ప్రమాదం లేని వైపు పడిపోవాలి. మూయాల్సింది తెరిచి ఉండిపోతే ఏమవుతుందో నేను చూశాను. కరెంటు పోయిన గంటసేపూ ఆ రేకు గాలికి ఊగుతూ, ఆ కంపంతా బావ ముక్కులోకి పోతే? వద్దు. ఎవరు చెప్పినా ఆ స్ప్రింగు మార్చొద్దు. బ్యాటరీ పెడదామనుకున్నాను, దాని యాసిడ్ ఆవిరి బావకు పడదు.

నేను రాలేను. రిపేర్ల కోసం ప్లాంటు షట్‌డౌన్ ఉంది, మాకు సెలవులు లేవు. బిగించే విధం బొమ్మ గీసి పెట్టాను, వడ్లాయనకు చూపించు.

సంగయ్య


బొల్లారం,
15 సెప్టెంబర్ 1996

అన్నా,

నీ చేతులు చల్లగుండ. తలుపు పనిచేస్తోంది.

మొదటి నాలుగు రోజులు కర్రి ఆ టక్కు చప్పుడుకు బెదిరి మూలకు పోయి కూర్చుంది. మీ బావే నేర్పాడు, మంచం మీది నుంచే. నేను తలుపు అవతల బిస్కెట్టు పట్టుకోవాలి, ఆయన ఇవతల నుంచి "పో కర్రీ, పో బిడ్డా" అనాలి. ఐదో రోజు పోయింది. పోయి, మళ్లీ తనంతట తనే లోపలికి వచ్చి, మళ్లీ పోయి, ఒక పూటంతా అదే ఆట. మీ బావ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వితే దగ్గొస్తుందని నేను భయపడ్డాను. రాలేదు.

పదకొండో తారీకు సాయంత్రం దగ్గు మారింది. కర్రి ఆ తలుపులోంచే పోయి ఆగమ్మను తెచ్చింది. నేను వచ్చేసరికి ఆయన కూర్చొని చాయ్ తాగుతున్నాడు. ఆగమ్మ కర్రి తల మీద చెయ్యి పెట్టి, "ఇది కుక్క కాదమ్మా, నీ అత్త మల్ల పుట్టింది" అంది.

కరెంటు సంగతి ఆగమ్మతో మాట్లాడుకున్నాను. కొట్లో బల్బు ఆరిపోగానే ఆమె గల్లా మూసి వచ్చి మా ఇంట్లో కూర్చుంటుంది, మళ్లీ వచ్చేదాకా. ఇప్పటికి ఆరేడుసార్లు వచ్చింది, పాపం. స్ప్రింగు సంగతి మీ బావను అడిగాను. నీ ఉత్తరం ఇంకోసారి చదవమని, విని, "బామ్మర్ది పెట్టినట్టే ఉండనీ" అన్నాడు.

ఇప్పుడు గొళ్లెం పెట్టి బస్సెక్కుతున్నాను. నీ పుణ్యమా అని రెండు ముద్దలు తింటున్నాను.

కౌసల్య


అంక్లేశ్వర్,
2 అక్టోబర్ 1996

చెల్లె,

పదకొండో తారీకు సంగతి నాలుగుసార్లు చదివాను. క్యాంటీన్‌లో అందరికీ జిలేబీ ఇప్పించాను, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ప్రమాదం నాటి నుంచి సరిగా నిద్ర పట్టేది కాదు, ఇప్పుడు పడుతోంది. నెలకోసారి కీలుకు నూనె వెయ్యి. అయస్కాంతం పట్టీ వదులు కాకుండా చూడు.

ఇంకేమైనా కావాలంటే రాయి. ఏదైనా చేసి పంపుతాను.

సంగయ్య


బొల్లారం,
6 మార్చి 1997

అన్నా,

ఫిబ్రవరి పద్దెనిమిదిన టెలిగ్రాం ఇప్పించాను. రాలేదు. దినాలకైనా వస్తావనుకున్నాను. ప్రతి బస్సూ చూశాను. రాలేదు. సరే, రాస్తున్నాను, చదువు.

ఆ రోజు మంగళవారం. మధ్యాహ్నం మూడున్నరకు మా సందులో ఒక ఫేజు పోయిందట. మా వైపు నాలుగిళ్లకే పోయింది. ఆగమ్మ కొట్టు వేరే ఫేజు మీద ఉంది. ఆమె బల్బు వెలుగుతూనే ఉంది, రేడియో పాడుతూనే ఉంది. ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

నేను ఆరున్నరకు బస్సు దిగాను. గొళ్లెం తీస్తుంటే లోపల చప్పుడు లేదు. కర్రి తలుపు దగ్గరే పడి ఉంది. రేకు మీద దాని గోళ్ల గీతలు. ఒకచోట రేకు బయటికి సొట్ట పోయింది, తలతో పొడిచినట్టుంది. ముందు కాళ్ల గోళ్లు ఊడి నెత్తురు కారుతోంది. రబ్బరు అంచు సగం కొరికేసింది. ఇంకో జానెడు కొరికితే దూరేదేమో. మొరిగి మొరిగి గొంతు పోయినట్టుంది, నన్ను చూసి నోరు తెరిచింది కానీ చప్పుడు రాలేదు.

మీ బావ మంచం దిగి ఉన్నాడు. రెండేళ్లుగా పక్కకు తిరగలేని మనిషి తలుపు వైపు నాలుగడుగులు పాకాడు. ఒక చెయ్యి ముందుకు చాపి ఉంది.

కరెంటు ఎనిమిదింటికి వచ్చింది. ఇల్లంతా జనం. కర్రి రేకు పక్కనే పడి ఉంది కదా, మెడలో అయస్కాంతం. టక్కుమని గడియ లేచింది. అందరూ అటు చూశారు.

ఆగమ్మ గుండె బాదుకుంటోంది, "నా కొట్ల బల్బు మాడిపోను, అది ఎలుగుతనే ఉండె" అని. ఆమెనే నేను ఓదార్చాల్సి వచ్చింది. నన్నెవరు ఓదార్చాలి? కన్నవాళ్లు లేరు, ఉన్నది నువ్వొక్కడివి.

ఎందుకు రాలేదు?

కౌసల్య


అంక్లేశ్వర్,
14 మార్చి 1997

కౌసల్యా,

టెలిగ్రాం అందిన గంటలోనే బయలుదేరాను. సూరత్ దాకా వచ్చాను. అక్కడ ప్లాట్‌ఫారం మీద కూర్చొని రెండు బండ్లు వదిలేశాను. మూడో బండెక్కి వెనక్కి వచ్చేశాను. బావ మొహం చూసే ముఖం నాకు లేదు. ఇప్పుడు కాదు, ముందు నుంచీ లేదు.

చెబుతాను. చదివాక ఈ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టినా సరే.

అప్పుడు నేనూ అదే కంపెనీలో రిపేర్లు చూసేవాణ్ని కదా. ప్రమాదం జరగడానికి రెండు రోజుల ముందు బావ పనిచేసే, మందులు ఉడికించే రియాక్టరు పాత్ర మీద ఆవిరి లైను వాల్వు ఒకటి పాడైంది. మా వాల్వులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. గాలి పోతే మూసుకునే రకం ఒకటి, తెరుచుకునే రకం ఒకటి. అక్కడ ఉండాల్సింది మూసుకునేది. స్టోరులో లేదు. ప్రొడక్షన్ వాళ్లు నెత్తి మీద కూర్చున్నారు. తెరుచుకునేది ఉంటే బిగించాను, రేపు మారుద్దామని. లాగ్ పుస్తకంలో రాయలేదు. రాస్తే రాత్రి షిఫ్టు ఇంజనీరు బ్యాచ్ ఆపేస్తాడని. మర్నాడు వేరే బ్లాకుకు పిలిచారు, పోయాను. మూడో రోజు కంప్రెసరు ఆగింది. గాలి పోయింది. అన్ని వాల్వులూ మూసుకున్నాయి. నేను పెట్టింది తెరుచుకుంది. రియాక్టరు మితిమీరి కాగి మందుల ఆవిరి బయటికి తన్నింది. అందరూ దిగి ఉరికారు. దాన్ని చేత్తో మూయడానికి ఎక్కింది బావ ఒక్కడే. అక్కడి నుంచే పడ్డాడు.

ఆ తర్వాత గందరగోళంలో నేనే పోయి ఆ వాల్వు విప్పేశాను. విచారణలో ఎవరికీ తెలియలేదు. మూడు నెలలు ఆసుపత్రిలో బావ పక్కన కూర్చున్నాను. రోజూ చెబుదామనుకున్నాను. చెప్పలేక ఇక్కడికి పారిపోయాను.

నీ తలుపు చేసేటప్పుడు నా కళ్ల ముందు ఆ వాల్వే ఉంది. ఇంకోసారి తెరిచి ఉంచను అనుకున్నాను. ఎవరి ప్రాణానికి ఏ వైపు మంచిదో ఆలోచించలేదు. అక్కడ తెరిచి చంపాను, ఇక్కడ మూసి చంపాను. ఒకే మనిషిని.

నన్ను అన్నా అని పిలవొద్దు.

సంగయ్య


బొల్లారం,
30 మార్చి 1997

అన్నా,

పిలుస్తాను. పిలవొద్దని చెప్పే హక్కు నీకు లేదు.

నీ ఉత్తరం చదివి పది రోజులు చెయ్యి లేవలేదు. ఒక రోజు దాన్ని నిజంగానే పొయ్యి దాకా తీసుకుపోయాను. కోపం ఉందా అంటే ఉంది. పారిపోయినందుకు ఇంకా ఎక్కువ ఉంది. వాల్వు తప్పు తొందరలో చేశావు. పారిపోవడం రెండేళ్లు రోజూ చేశావు.

ఒక సంగతి నీకు రాయలేదు. అప్పుడు దాని అర్థం నాకు తెలియక రాయలేదు. ఇప్పుడు తెలిసింది.

తలుపు వచ్చిన రోజు నీ ఉత్తరం విని మీ బావ అన్నాడు, "నిజానికి స్ప్రింగు మీదికి వెట్టాలె కౌసల్యా. కరెంటు పోతే నాకు గాలి కన్న కుక్క ముక్యం." మరి మార్పిద్దామా అన్నాను. "వద్దు. వాడు కిందనే ఎందుకు వెట్టిండో నాకెరుక. మార్చినమని తెలిస్తే వానికి మల్ల నిద్ర పట్టదు. జెరసేపు కరెంటు లేకుంటే నేనేం సావ, ఆగమ్మ ఉండనే ఉన్నది. వాణ్ని ఇగ పండుకోనియ్యి" అన్నాడు. వాడికి నిద్ర పట్టకపోవడం ఏంది అని అడిగితే నవ్వి, మాట మార్చాడు.

విచారణకు వచ్చిన ఆఫీసర్లు ఆసుపత్రిలో అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాల్వు సంగతి ఏమైనా చూసినవా అంటే "నాకేం యాదికి లేదు సార్" అన్నాడు. చేత్తో మూయడానికి ఎక్కిన మనిషికి తను పట్టుకున్నది ఏ రకమో తెలియకుండా ఉంటుందా? మొదటి రోజు నుంచీ తెలుసు అన్నా. నువ్వు ఆయన పక్కన కూర్చున్న మూడు నెలలూ తెలుసు. నువ్వు చెబుతావేమోనని చూశాడు, చెప్పకపోతే సరేలే అనుకున్నాడు. నువ్వు ఒక్కసారి వచ్చి ఆ మంచం పక్కన కూర్చొని ఉంటే స్ప్రింగు ఎటు ఉండాలో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. మధ్యలో నేను రోజూ గొళ్లెం పెట్టి బస్సెక్కాను.

నేను ఏడవడం అయిపోయింది. ఇప్పుడు కర్రి సంగతి.

అది ఆ రేకు తలుపు ముందే కూర్చుంటోంది. కరెంటు ఉంటుంది, గడియ టక్కుమని లేస్తుంది, అది లేవదు. బిస్కెట్టు చూపించినా పోదు. నేను పెద్ద తలుపు తీసి పట్టుకుంటేనే బయటికి పోతుంది. అందుకని పనికి పోయేటప్పుడు పెద్ద తలుపు బార్లా తీసే పోతున్నాను. కంపు వస్తే రానీ. దగ్గేవాళ్లు ఎవరున్నారు?

స్ప్రింగు మార్చడం నాకు వచ్చు. నువ్వు గీసిన బొమ్మ నా దగ్గరే ఉంది. రెండు తీగలు, ఒక స్ప్రింగు. వడ్లాయన కూడా చేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. వచ్చే ఆదివారం నాకు సెలవు. పొద్దటి బస్సుకు దిగు. నీ స్క్రూడ్రైవర్ తెచ్చుకో, మా ఇంట్లో ఉన్నది మొద్దువారింది. ముందు మీ బావ మంచం కాడ కూర్చో, ఆయనకు చెప్పాల్సింది ఆ ఖాళీ మంచానికే చెప్పు, నేను బయట నిలబడతా. చెప్పినంక ఆ తలుపు కాడికి పో. స్ప్రింగు మీదికి వెట్టు. కరెంటు మెయిన్ బంద్ చేసి, కర్రి ముందట నువ్వే ఆ రేకు చేత్తోని నూకి సూపియ్యి. అది నూక్కొని బయటికి పోయేదాంక ఆడనే కూసో.

కౌసల్య